అణుభద్రతా దస్త్రములను అడిగి తెచ్చుకొనుట ఎట్లు?

తెనాలిలో మీ యింటి ప్రక్కనే క్రొత్తగా ఒక స్కానింగ్ సెంటరు వెలసినదనుకొనుడు. సి.టి. యంత్రమును లారీ నుండి దించిననాడు వీధి యంతయు గుమిగూడి చూచినది. ఆ యంత్రమున్న గదిగోడ మీ పిల్లలు పడుకొను గదిగోడకు ఆనుకొని యున్నది. మీరు పోయి అడుగగా వారు మర్యాదగనే, “అన్నిటికీ పర్మిషన్లున్నాయండీ” అని పంపివేసిరి. ఆ పర్మిషను ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి, ఏమి చూచి యిచ్చిరి అను ప్రశ్నలు మీకు నిద్రపట్టనీయకున్నవి. ఇక నెవరి నడుగవలెను? మునిసిపాలిటీనా? జిల్లా వైద్యాధికారినా? “అణుశక్తి వ్యవహారమండీ, పైవాళ్ల సంగతి, మనకు చెప్పరు” అని వీధి చివర పెద్దమనిషి యొకరు తేల్చివేయగనే మీరును ఊరకుండవలసినదేనా?

ఊరకుండ నక్కరలేదు. అణుశక్తి రంగమున దేశరక్షణకు సంబంధించిన రహస్యములు కలవు. అవి మనకు దొరకవు, దొరకవలెనని నేను చెప్పబోవుటయు లేదు. కాని ఆ రహస్యముల చుట్టును, రియాక్టరు మొదలు దంతవైద్యుని ఎక్స్‌రే పెట్టె వరకు, అనుమతులు, తనిఖీలు, నోటీసులు, సంజాయిషీలు, గడువులు అను సామాన్యమైన కాగితములు గుట్టలుగ పేరుకొని యుండును; వాటిలో పెక్కు అడుగదగినవి, అడిగినచో ఈయవలసినవి. దరఖాస్తుదారులు తరచుగ కాగితమును అడుగుట మాని తమ భయమును అడుగుదురు. భయమునకు ఏ ఆఫీసులోను ఫైలు నంబరుండదు గదా!

మన దేశమున వికిరణ భద్రతను పర్యవేక్షించునది అణుశక్తి నియంత్రణ మండలి. ఆసుపత్రులలోను ఆఫీసులలోను దానిని ఏ.ఇ.ఆర్.బి. అందురు. 1983 నవంబరు 15న ఏర్పడిన ఈ మండలికి ముంబయి అణుశక్తినగరులోని నియామక్ భవన్ ప్రధాన కార్యాలయము. దక్షిణాది తనిఖీలకు చెన్నైలో ప్రాంతీయ కేంద్రమున్నది. కూడంకుళము రియాక్టరును చూచునదియు, తెనాలి బోసు రోడ్డులోని ఎక్స్‌రే గదిని చూచునదియు ఈ మండలియే. ఆ చూచుట ఒకప్పుడెట్లుండెనో 2012 నాటి కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక బయటపెట్టినది: దేశమున నడచుచున్న 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రములలో 5,270 మాత్రమే మండలి నమోదులో ఉండగా, తక్కిన 91 శాతము నమోదు లేకయే నడచుచుండెను. అంతకు రెండేండ్ల ముందు, 2010లో, ఢిల్లీ విశ్వవిద్యాలయమున వాడుక మానిన గామా పరికరమొకటి పాతసామానుగ వేలమునకు పోయి, మాయాపురి తుక్కుబజారున విప్పబడి, దానిలోని కోబాల్టు-60 ఒక మనుష్యుని ప్రాణము తీసి మరికొందరిని ఆసుపత్రి పాలుచేసినది. ఆ పరికరము ఎవరి వద్ద నున్నది, కడసారి ఎవరు దానిని లెక్కచూచిరి అని వేలమునకు ముందే ఎవరైన వ్రాతపూర్వకముగ అడిగియున్నచో ఏమయ్యెడిదో మీరే ఊహింపుడు. నాటి తరువాత నమోదు పద్ధతులు చాల మారినవి. లైసెన్సుల వ్యవహారము ‘ఇ-లోరా’ అను ఆన్‌లైను పద్ధతిలోనికి వచ్చినది. మారినది గనుకనే అడుగుట నేడు సులభమైనది.

1. ముందు అచ్చైనదానిని చదువుడు

సమాచార హక్కు అనగనే పదిరూపాయల పోస్టల్ ఆర్డరు కొనుటకు పరుగెత్తువారు చాలమంది. ఆగుడు. 2005 నాటి చట్టము 4వ సెక్షను ప్రకారము ప్రతి ప్రభుత్వ సంస్థయు, ఎవరును అడుగకయే, తన వివరములను తానుగా ప్రకటింపవలెను. మండలి వెబ్‌సైటులో వార్షిక నివేదికలు, భద్రతా నియమావళులు, లైసెన్సు పొందిన సంస్థల వివరములు కలవు. కాగ్ నివేదికలు ఉచితముగ దొరకును. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పంపిన నిపుణబృందము 2015 మార్చిలో వచ్చి, మన నియంత్రణ వ్యవస్థను పరిశీలించి, మండలి స్వతంత్రతకు చట్టపు ఆధారము కల్పింపవలెనని సూచించిన నివేదికయు బహిరంగమే. పార్లమెంటు ప్రశ్నోత్తరములు మరొక గని. అణు విద్యుత్కేంద్రములను గురించి, యురేనియమును గురించి, సముద్రతీరపు ఇసుకలోని మోనజైటును గురించి సభ్యులడిగిన ప్రశ్నలకు మంత్రులిచ్చిన జవాబులు ఉభయసభల వెబ్‌సైటులో నున్నవి. అక్కడ మీ ప్రశ్న లేనిచో మీ సభ్యునిచేత అడిగింపవచ్చును. తెనాలివారికి గుంటూరు ఎం.పి., బాపట్ల, రేపల్లెలవారికి బాపట్ల ఎం.పి. అని గుర్తుంచుకొనుడు, మన జిల్లాల విభజన తరువాత ఈ విషయమున తికమకపడువారిని చూచుచున్నాను.

చదివిన పిమ్మట అడుగువాని ప్రశ్నకు వేరొక పదును వచ్చును. “నివేదిక 12వ పేజీలో పేర్కొన్న తనిఖీ” అని మీరు వ్రాసినప్పుడు, అటువంటి తనిఖీ జరుగలేదని అధికారి చెప్పుట కష్టము.

2. అభిప్రాయమును కాదు, కాగితమును అడుగుడు

ఈ అధ్యాయమున మీరు ఒక్క అంశమునే చదువదలచినచో దీనిని చదువుడు. సమాచార హక్కు చట్టము ప్రభుత్వము వద్ద నున్న దస్త్రమును ఇప్పించునే గాని, లేని దస్త్రమును సృష్టింపజాలదు. సమాచారమును క్రొత్తగా తయారుచేసి ఈయవలసిన బాధ్యత అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసున స్పష్టముచేసినది. కనుక “మా ప్రక్కనున్న స్కానింగ్ సెంటరు సురక్షితమేనా?” అని మీరడిగినచో, “ఇది అభిప్రాయము, చట్టపు నిర్వచనములోనికి రాదు” అను జవాబు వచ్చును; అది అన్యాయమని మీరు కోపగించుకొన్నను చట్టరీత్యా తప్పుపట్టుట కష్టము.

మరి ఎట్లడుగవలెను? ఒక ఎక్స్‌రే లేక సి.టి. కేంద్రము నడచుటకు ఏయే కాగితములు పుట్టవలెనో ముందు ఆలోచింపుడు. లైసెన్సు లేక రిజిస్ట్రేషను. దాని గడువు తేదీ. యంత్రము అమర్చిన గది ప్లానునకు ఆమోదము. యంత్రపు నాణ్యతాపరీక్షల నివేదిక. రేడియేషను భద్రతాధికారి నియామకమునకు ఆమోదము. మండలివారు తనిఖీ చేసియున్నచో ఆ నివేదిక. లోపములు కనుగొన్నచో వ్రాసిన ఉత్తరము. దానికి వచ్చిన సంజాయిషీ. ఇవి ప్రశ్నలు కావు, వస్తువులు. ఒక్కొక్కటి ఏదో ఒక బీరువాలోనో కంప్యూటరులోనో ఉండి తీరవలెను. లేనిచో “లేదు” అని సంతకము చేసి చెప్పవలెను. ఆ “లేదు” అను జవాబే ఒక్కొక్కప్పుడు మీరు పొందగల అత్యంత విలువైన దస్త్రము!

“అది ప్రైవేటు సెంటరు గదా, సమాచార హక్కు దానికి వర్తించునా?” అని మీరడుగవచ్చును. సెంటరును నేరుగ అడుగుటకు వీలులేకపోవచ్చును; కాని ప్రైవేటు సంస్థ నుండి మరేదైన చట్టము క్రింద ప్రభుత్వ సంస్థ రాబట్టుకొనగల సమాచారము కూడ ‘సమాచారమే’ యని 2వ సెక్షను చెప్పుచున్నది. కనుక మండలిని అడుగుడు. వారు 11వ సెక్షను క్రింద సెంటరువారికి నోటీసిచ్చి అభ్యంతరము లడుగవచ్చును. అందుచే జవాబు కొంత ఆలస్యమగును గాని ఆగిపోవలసిన పనిలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎక్స్‌రే గదిలో పనిచేయు టెక్నీషియన్లు ఛాతీపై ధరించు టి.ఎల్.డి. బ్యాడ్జి వారి శరీరమునకు సోకిన వికిరణ మోతాదును కొలుచును. ఫలానా వ్యక్తికి ఎంత సోకినదని పేరుపెట్టి అడిగితిరా, అది వ్యక్తిగత సమాచారమని త్రోసివేయుదురు. పేరు లేకుండ, “ఈ సంస్థలో ఎందరికి బ్యాడ్జిలున్నవి, పరిమితి దాటిన సందర్భములెన్ని?” అని అడుగుడు. రేపల్లెలోని చిన్న ఆసుపత్రిలో సి-ఆర్మ్ యంత్రము వద్ద నిలుచుండు కుర్రవాడు మీ తమ్ముడే అయినచో, అతనిచేతనే అడిగింపుడు. తన మోతాదును తాను తెలిసికొనుటకు గోప్యత అడ్డురాదు. “మా సారు బ్యాడ్జి ఇయ్యలేదన్నా” అని అతడు చెప్పినచో, మీకు కావలసిన జవాబు దరఖాస్తు వ్రాయకమునుపే దొరికినదన్నమాట.

3. ఒకే కాగితము రెండు ఆఫీసులలో నుండును

అణుసంస్థలన్నియు కేంద్రప్రభుత్వపు గుప్పిట నున్నవను భావము మనవారిలో బలముగ నున్నది. అది సగము నిజము. కడప జిల్లా తుమ్మలపల్లెను చూడుడు. అచ్చటి యురేనియము గని కేంద్రప్రభుత్వ సంస్థయైన యు.సి.ఐ.ఎల్.ది. గనినుండి వచ్చు వ్యర్థములను నిలువజేయు చెరువు వలన తమ బోరుబావుల నీరు చెడుచున్నదని కె.కె. కొట్టాల మొదలగు గ్రామములవారు మొరపెట్టుకొనగా, ఆ వివాదమున ముందుకు వచ్చి 2018లో నోటీసిచ్చినది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. ఏలనగా, గనికి స్థాపనానుమతియు, నిర్వహణానుమతియు, అందలి షరతులును ఆ మండలి చేతిలోనివి. చెరువు అడుగున ఏ పొరలు పరువవలెను, భూగర్భజలమును ఎన్నాళ్ల కొకసారి పరీక్షింపవలెను అను విషయములు అణురహస్యములు కావు, పర్యావరణ షరతులు. అట్లే కేంద్ర పర్యావరణశాఖ ఇచ్చిన అనుమతికి లోబడి ఆరునెలల కొకసారి సంస్థ సమర్పింపవలసిన నివేదికలును బహిరంగ దస్త్రములే.

కావున ఒక గుమ్మము మూసియున్నచో రెండవ గుమ్మము తట్టుడు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలములోని కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ రూపకల్పనతో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు నెలకొల్పదలచినారు. వాటి లోపలి నిర్మాణమును మీకు ఎవ్వరును చూపరు. కాని భూసేకరణ దస్త్రములు రెవెన్యూ శాఖవి. పునరావాసపు జాబితాలు జిల్లా కలెక్టరువి. పర్యావరణ ప్రభావ అధ్యయనము బహిరంగ విచారణకు వచ్చినప్పుడు, 2006 నాటి ప్రకటన ప్రకారము, ముప్పది దినముల ముందుగ నోటీసిచ్చి, సంగ్రహమును తెలుగున కూడ అందుబాటున నుంచవలెను. ఇట్టివాటిని అడుగుటకు అణుశాస్త్రమున పట్టా అవసరమా?

రాష్ట్రసంస్థల నడుగునప్పుడు రుసుము వేరు: మన రాష్ట్రమున గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో ఐదురూపాయలు, ఆపైన పది. కాలుష్య మండలికి గుంటూరులో ప్రాంతీయ కార్యాలయమున్నది. తెనాలి, బాపట్లలవారు అచ్చటికే పోయి ఫైలును స్వయముగ చూచెదమని కోరవచ్చును. ఫైలు చూచుట అను హక్కును మనవారు చాల తక్కువగ వాడుకొనుచున్నారు. జిరాక్సుకు పేజీకి రెండేసి రూపాయలు కట్టి మూడువందల పేజీలు తెప్పించుకొనుటకంటె, గంటసేపు కూర్చుండి పుటలు త్రిప్పి, కావలసిన ఆరింటికి మాత్రము నకళ్లడుగుట ఎంత మేలు!

4. “రహస్యము” అని వ్రాసినంతనే వెనుదిరుగకుడు

బాపట్లలో ఒక విశ్రాంత అధ్యాపకుడున్నాడనుకొనుడు. కొవ్వాడ భద్రతను గురించి తెలిసికొనగోరి ఆయన పదునాలుగు పుటల లేఖ వ్రాసినాడు. హిరోషిమాతో మొదలుపెట్టి, చెర్నోబిల్, ఫుకుషిమాల మీదుగ నడచి, కడపటి పుటలో “కావున సమస్త భద్రతా వివరములును దయచేయుడు” అని ముగించినాడు. ‘సమస్త’ అను మాట చూడగనే అధికారి 8(1)(ఎ) అని వ్రాసి పంపును. దేశపు భద్రతా, వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనములకు భంగకరమైనదానిని మినహాయించు నిబంధన అది. మన అధ్యాపకుడు నిట్టూర్చి ఊరకుండును. తప్పెవరిది? సగము ఆయనదే యని నా అభిప్రాయము.

ఇదే నిబంధన కూడంకుళము విషయమున ఎట్లు నిలిచినదో చూడుడు. అణువిద్యుత్ వ్యతిరేకోద్యమ నాయకుడు ఎస్.పి. ఉదయకుమార్ మొదటి రెండు రియాక్టర్ల భద్రతా విశ్లేషణ నివేదికను, స్థలపరిశీలన నివేదికను పేరుపెట్టి అడిగినాడు. అణువిద్యుత్ కార్పొరేషను నిరాకరించినది. 2012 ఏప్రిల్ 30న కేంద్ర సమాచార కమిషనరు శైలేశ్ గాంధీ, సరఫరాదారుల సొంత డిజైను వివరములను తొలగించి తక్కినది ఈయవలసినదేయని ఉత్తర్వు చేసినాడు. కార్పొరేషను ఢిల్లీ హైకోర్టునకు పోయినది; కథ అంతటితో సుఖాంతము కాలేదు. అయినను ఆ ఉత్తర్వునుండి మనము గ్రహింపవలసిన పనిముట్టు ఒకటున్నది: 10వ సెక్షను. దస్త్రమున ఒక భాగము రహస్యమైనచో ఆ భాగమును తొలగించి మిగిలినది ఈయవలెను. మీ దరఖాస్తు చివర ఈ వాక్యమును తప్పక చేర్చుడు: “ఏదేని భాగము మినహాయింపు క్రిందికి వచ్చునని భావించినచో, 10వ సెక్షను ప్రకారము ఆ భాగమును వేరుపరచి తక్కిన భాగమును ఈయగలరు.” దానికి తోడు 8(2) కలదు, వెల్లడించుటవలని ప్రజాప్రయోజనము హానిని మించినచో మినహాయింపు ఉన్నను ఈయవచ్చును.

చట్టము మారుచుండునని కూడ ఎరుగుడు. చిరకాలము అణుగోప్యతకు ఆధారమైనది 1962 నాటి అణుశక్తి చట్టము, అందును ప్రత్యేకముగ 18వ సెక్షను. దాని స్థానమున 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టమును ఆమోదించినది. అది నియంత్రణ మండలికి చట్టబద్ధ ప్రతిపత్తి కల్పించినది. కొంత సమాచారమును వెల్లడికాకుండ ఆపు అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. కనుక పాత పుస్తకములలోని సెక్షను నంబర్లను ఎత్తివ్రాయక, నేటి పాఠమును ఒకసారి చదివి కలము పట్టుడు. అధికారి మీ దరఖాస్తును నిరాకరించినచో ఏ సెక్షను క్రింద, ఏ కారణముచేత అని వివరింపవలెను. వట్టి నంబరు వ్రాసి పంపుట చాలదు. అమెరికాలో అణు నియంత్రణ సంస్థ తన తనిఖీ లేఖలను ‘ఆడమ్స్’ అను సార్వజనిక భాండారమున తానుగా ఉంచుచుండగా, మనము ఒక్కొక్క లేఖకును పోస్టల్ ఆర్డరు కొనవలసి వచ్చుట నాకు కష్టముగనే తోచును. కాని ఉన్న దారిని నడువక తప్పదు.

5. లేఖ చిన్నది, తెలుగులో

తెలుగులో వ్రాయవచ్చునా? నిస్సంశయముగ. దరఖాస్తు చేయు ప్రాంతపు అధికారభాషలో వ్రాయుటకు 6వ సెక్షను హక్కిచ్చుచున్నది. ఏల అడుగుచున్నారో చెప్పనక్కరలేదు, చెప్పకుండుటయే మంచిది. ఐదువందల మాటలకు మించకుండ చూచుకొనుడు. ఈ మాదిరి, దాని చివర పైన చెప్పిన 10వ సెక్షను వాక్యము చాలును:

“పౌర సమాచార అధికారి, అణుశక్తి నియంత్రణ మండలి, ముంబయి గారికి. తెనాలి పట్టణము, ఫలానా వీధిలోని ఫలానా డయాగ్నస్టిక్ సెంటరునకు సంబంధించి: (అ) ప్రస్తుత లైసెన్సు నకలు, గడువు తేదీ; (ఆ) సి.టి. గది ప్లాను ఆమోదపు నకలు; (ఇ) గత ఐదేండ్లలో జరిపిన తనిఖీల తేదీలు, నివేదికల నకళ్లు; (ఈ) ఆ తనిఖీలపై సంస్థకు వ్రాసిన లేఖలు, వచ్చిన జవాబులు. రుసుము పదిరూపాయల పోస్టల్ ఆర్డరు జతపరచితిని.”

పోస్టల్ ఆర్డరును అకౌంట్స్ ఆఫీసరు పేర వ్రాయుడు. తెల్లరేషనుకార్డు గలవారు దారిద్ర్యరేఖకు దిగువనున్నట్లు ధ్రువపత్రము జతచేసిన రుసుము లేదు. కంప్యూటరు తెలిసినవారు కేంద్రప్రభుత్వపు ఆర్.టి.ఐ. ఆన్‌లైను పోర్టలున పంపవచ్చును. తెలియనివారు తమ పట్టణపు ప్రధాన తపాలా కార్యాలయమున విచారింపుడు. కేంద్రసంస్థల దరఖాస్తులను స్వీకరించి పంపు సహాయ సమాచార అధికారులను తపాలాశాఖ నియమించియున్నది. తప్పు ఆఫీసునకు పంపినను భయపడకుడు. ఐదు దినములలో సరియైన ఆఫీసునకు బదలాయింపవలసిన బాధ్యత వారిదే.

6. తేదీలను గోడ క్యాలెండరుపై వ్రాయుడు

జవాబునకు ముప్పది దినములు గడువు. సహాయ అధికారి ద్వారా పోయినచో మరి ఐదు. గడువు దాటినచో మౌనమే నిరాకరణ; అటుపై ఇచ్చు నకళ్లు ఉచితము. అప్పటినుండి ముప్పది దినములలో మొదటి అప్పీలు, అదే సంస్థలోని పై అధికారికి. అతని నిర్ణయము రానిచో, వచ్చి తృప్తి కలుగనిచో, తొంబది దినములలో రెండవ అప్పీలు: మండలి వంటి కేంద్రసంస్థ అయిన ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషనుకు, కాలుష్య మండలి అయిన రాష్ట్ర సమాచార కమిషనుకు. కారణము లేక ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధింపవచ్చును. జరిమానా పడునని ఆశించి అప్పీలు చేయకుడు, అది అరుదు. కాగితము కొరకు చేయుడు.

ఎక్కువమంది ఎక్కడ జారిపోవుదురో తెలియునా? మొదటి అప్పీలు వద్ద. దరఖాస్తు రసీదు ఏ పంచాంగము నడుమనో పోయియుండును, తేదీ గుర్తుండదు. కనుక స్పీడ్ పోస్టు రసీదును, పోస్టల్ ఆర్డరు నంబరును, దరఖాస్తు నకలును ఒకే కవరులో నుంచుడు. “ప్రాణహాని” అని వ్రాసిన 48 గంటలలో జవాబు వచ్చునని ఎవరో చెప్పగా ప్రతి దరఖాస్తుపైనను ఆ మాట వ్రాయువారున్నారు; నిజమైన ఆపద కానిచో దానివలన మీ మాటకు విలువ తగ్గును.

రెండవ అప్పీలు విచారణకు వచ్చుటకు నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు సంవత్సరము దాటును. వచ్చినప్పుడు ఢిల్లీకి పోనక్కరలేదు. మీ జిల్లాకేంద్రములోని ఎన్.ఐ.సి. (జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము) గదినుండి వీడియోలో మాటలాడవచ్చును. తెనాలివారు గుంటూరులో, రేపల్లెవారు బాపట్లలో ఏర్పాటున్నదేమో నోటీసున చూచుకొనుడు. పది నిమిషములకు మించి సమయము దొరకదు. కమిషనరు “మీకు కావలసినదేమి?” అని అడిగినప్పుడు, రెండేండ్ల కష్టమును ఏకరువు పెట్టక, “దరఖాస్తులోని మూడవ అంశము, తనిఖీ నివేదికల నకళ్లు, ఇంకను రాలేదు” అని ఒక్క వాక్యమున చెప్పుడు, తక్కిన సంగతులు వారడిగినచో అప్పుడు చెప్పవచ్చును.